రెండు పై ఆర్ మహిమ

ఏమే మొద్దూ,

తిట్టుకుంటూనే ఉంటావు, తెలుసు. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో గుర్తు చేయక్కర్లేదు. నెమ్మదిగా కూర్చుని రాయాలని పక్కన పెట్టడం, అది అలాగే ఉండిపోవడం. సరే, క్షమించు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, తమ్ముడు మళ్లీ ఉద్యోగం మారాడు, పక్కింటివాళ్లు ఖాళీ చేశారు. వివరాలు కలిసినప్పుడు. ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఒక్కటే, అది చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఆ పాతకాలం నీలం స్కర్టు నాకు పట్టింది!

అవును, మహారాణీగారే. "గోడకి తగిలించుకుని బొమ్మలా చూసుకో" అన్నావే, అదే. పట్టడం అంటే ఊపిరి బిగబట్టి, మంచం మీద పడుకుని జిప్పు లాగడం కాదు. ఆ విద్య మన ఇద్దరికీ బాగా తెలుసు, కప్ప బొత్తాం ఎగిరిపోయిన రోజు మాట ఇప్పుడెందుకులే. హాయిగా కూర్చుని లేచేంతగా పట్టింది.

మొదటి నుంచీ చెబుతా. చీటీ మీద సైజు 14 అని ఉందని కదా ధైర్యంగా కొన్నాను. ఆ కాలం 14కీ ఇప్పటి 14కీ అసలు చుట్టరికమే లేదు. దుకాణాల వాళ్లు ఏళ్ల తరబడి మన మనసు నొప్పించకుండా నంబర్లు జరుపుకుంటూ వచ్చారట. టేపు పెడితే నడుం 25 అంగుళాలు! నాది 27. కూర్చుంటే పొట్ట నొక్కకుండా ఇంకో అంగుళం వదులుండాలి. మొత్తం 3 అంగుళాలు తక్కువ. ఎంత ఏడుపొచ్చిందో. ఎందుకంటే అది నిజంగా పాతది. పక్కన ఇనప పళ్ల జిప్పు, దానికి నూలు పట్టీ. అమెరికాలో కుట్టిందే, కానీ ఎలా ఉతకాలో చెప్పే చీటీ లేదు. అక్కడ ఆ చీటీ తప్పనిసరి అయింది 1972లో. అంతకంటే ముందుదేనని నా లెక్క. చీటీ ఊడిపోయి ఉండొచ్చు కదా అంటావు, నువ్వు అంటావని తెలుసు, కానీ అక్కడ సూది గుర్తు కూడా లేదు.

టైలరు దగ్గరికి తీసుకెళ్తే తిరగేసి చూసి "మార్జిన్ లేదమ్మా, పక్కల్లో అతుకు వేయాల్సిందే" అన్నాడు. అతుకా! ఆ పువ్వుల అంచుకి అతుకా! కోపమొచ్చి ఇంటికి తెచ్చేసి పక్క కుట్టు కొంచెం, ఒక వేలెడు, విప్పి చూశాను. ఆయన చెప్పింది నిజమే, కుట్టు లోపల మిగులు గుడ్డ ఉన్నది కొంచెమే. పైగా మడత లోపలి గుడ్డ ముదురు నీలం, అప్పుడే అద్దకం నుంచి వచ్చినట్టు. బయటిదేమో వెలిసి లేతబడింది. మధ్యలో పాత కుట్టు తాలూకు సూది చిల్లులు, బారుగా, దీపానికి ఎత్తిపడితే చుక్కల్లా. ఉన్న మార్జిన్ వదిలినా అంగుళం దొరికేదేమో, కానీ రెండు పక్కలా ముదురు గీత, దాని పక్కన చిల్లుల బారు. అందరికీ "ఇది బిగుతైతే వదులు చేశారు" అని చాటింపు వేసినట్టే. వెంటనే మళ్లీ కుట్టేశాను. ఆ రాత్రి నిజంగానే దాన్ని గోడకి తగిలించుకుందామనుకున్నాను.

తర్వాత ఊరికే, ఇస్త్రీ చేసి దాచేద్దామని నేల మీద పరిచాను. నాలుగు మడతలు వేస్తే సరిగ్గా పావు గుండ్రం! నడుం నుంచి అంచు దాకా ఎటు కొలిచినా ఒకటే పొడవు. అంటే పూర్తి అంబ్రెల్లా కట్. పెద్ద గుండ్రటి గుడ్డ, మధ్యలో చిల్లు. అంతేనే! నాకు కావాల్సింది ఎక్కువ గుడ్డ కాదు, పెద్ద చిల్లు!

ఇప్పుడు లెక్కల మేష్టారిని తల్చుకో. "2పైఆర్ నాకు జీవితంలో ఎందుకండీ" అని అడిగినందుకు నిన్ను బెంచీ ఎక్కించారు చూడు, గుండ్రం చుట్టుకొలత లెక్క, ఆ 2పైఆరే. చిల్లు చుట్టుకొలత 3 అంగుళాలు పెరగాలి. 3ని 6.28తో, అంటే 2పైతో, భాగించు. అదే చిల్లు ఎంత దూరం జరగాలో చెబుతుంది. 0.48. అర అంగుళం కూడా లేదే! పాత కుట్టుకి అర అంగుళం లోపే కిందికి కొత్త కుట్టు వేస్తే 25 కాస్తా 28 అయి కూర్చుంటుంది. మూడుసార్లు లెక్క చూసుకున్నాను, నమ్మకం కుదరక. పొడవు తగ్గేది కూడా ఆ అర అంగుళమే. తుంటి దగ్గర ఎలాగూ బోలెడు గుడ్డ. పాత సూది చిల్లులన్నీ కొత్త కుట్టుకి పైన, నడుం పట్టీ లోపల పడిపోతాయి. వెలిసిన గుడ్డ, ముదురు గుడ్డ గొడవే లేదు.

1947లో జూలీ లిన్ షార్లో అనే గాయని ఇలాంటి గుండ్రటి స్కర్టే ఫెల్ట్ గుడ్డతో (నేత లేకుండా పోగులు అదిమి చేసేది) చేసుకుందట, అమెరికాలో ఒకప్పుడు ఫ్యాషనైన ఆ పూడుల్ కుక్క బొమ్మల స్కర్టులన్నీ ఆమె పుణ్యమే. ఆవిడకి కుట్టడం రాదు. ఫెల్ట్ అయితే అంచు మడిచి కుట్టే పని ఉండదని అది పట్టుకుంది. చూశావా, కుట్టు రానివాళ్లకే... సరే, అది వదిలెయ్, అసలు సంగతికి వస్తా.

పట్టీ విప్పగానే నడుం గుండ్రం సాగడం మొదలుపెడుతుంది, సగం చోట్ల గుడ్డ క్రాస్‌లో, అంటే ఐమూలగా, ఉంటుంది కదా. అందుకని విప్పిన మరుక్షణం, కొత్త గీత రావాల్సిన చోటికి ఒక వెంట్రుకవాసి పైన మిషన్ మీద ఒక వరుస కుట్టు వేసేశాను. అది గుడ్డని పట్టి ఉంచుతుంది. ఆ తర్వాతే చాక్ గీత, కచ్చాకుట్టు, తొడిగి చూడటం. కత్తెర ఆఖర్న, అదీ గుండ్రం తిరగడానికి పైన చిన్న చిన్న గాట్లు పెట్టడానికే. టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి.

జిప్పు కూడా అంతే కిందికి దిగాలి. ఇనప పళ్ల మీద కత్తెర పెట్టే ఆలోచన పెట్టుకోకు. జిప్పు ఊడదీసి, పక్క కుట్టు కింద కాస్త విప్పి, మొత్తం జిప్పునే దించి కుట్టాను. పళ్లకి కొవ్వొత్తి రాస్తే వెన్నలా జారుతోంది.

ఇక పట్టీ. గుండ్రం 28 అయింది సరే, పట్టీ పాతదే, హుక్కు భాగంతో కలిపి 26. గుడ్డ ఎక్కడి నుంచి తేను? అంబ్రెల్లా కట్‌కి కింద సన్నటి మడతే, కోసుకోవడానికి ఏమీ ఉండదు. ఇక్కడే నన్ను నేను మెచ్చుకోవాలి, నువ్వెలాగూ మెచ్చుకోవు. పట్టీ రెండు మడతలది కదా? మడత మీద నిలువునా కోసేశాను. రెండు పట్టీలు! ఒకటి ముందు సగానికి, ఒకటి వెనక సగానికి. జిప్పు ఎడమ పక్కన ఉంది, కాబట్టి అతుకు కుడి పక్క కుట్టు మీద పడి అందులో కలిసిపోయింది. లోపలి వైపుకి అడ్డగీతలుండే గట్టి రిబ్బన్ వేశాను. పట్టీ వెడల్పు పావు అంగుళం తగ్గిందంతే. రిబ్బన్‌ని ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాను, లేకపోతే మొదటి ఉతుకులో ముడుచుకుని పట్టీని ముడతలు పెట్టేస్తుంది.

ఆ టైలరుకి చూపిస్తే అతుకు ఎక్కడుందో వెతికాడు, వెతికాడు. నేను చెప్పలేదు.

అవునూ, నీ గళ్ల స్కర్టు కుట్లు అప్పుడే విప్పకు! అది పూర్తి గుండ్రం కాదు, సగమేనని నా అనుమానం. ముందు నేల మీద పరిచి చూసి రాయి. సగమైతే 6.28 కాదు, 3.14తో భాగించాలి, అంటే 3 అంగుళాలకి దాదాపు ఒక అంగుళం దిగాలి. అప్పుడు తుంటి దగ్గర కూడా కొలవాలి, ఎందుకంటే సగం గుండ్రానికి అక్కడ అంత... ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు. ఇది ఇప్పుడే అంటించి పంపేస్తా, లేకపోతే మళ్లీ పక్కన పడిపోతుంది. గళ్లు క్రాస్‌లో ఉన్నాయా, నిలువునా ఉన్నాయా, అదీ రాయి.

నీ
కప్ప బొత్తాం