మరమ్మతు వచ్చేదాకా మా సెంటర్‌లో టెండరు సంతకాలు ఉండవు

నల్లగొండలో మా ఇంటర్నెట్ సెంటర్‌కు ఏళ్లుగా వస్తున్న వారికి, ముఖ్యంగా టెండర్లు వేసే కాంట్రాక్టర్లకు, ఈ విషయం ఇతరుల ద్వారా కాక నా ద్వారానే తెలియాలని 2020 జనవరి చివర్లో రాస్తున్నాను. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో బయటపడిన లోపానికి మరమ్మతు వచ్చేంతవరకు మా దగ్గర ఆ బ్రౌజర్‌ను తెరవము. అందువల్ల ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప డిజిటల్ సంతకం తీసుకోని సైట్ల పని అప్పటిదాకా ఆగుతుంది.

2020 జనవరి 17న మైక్రోసాఫ్టే ఈ లోపాన్ని ప్రకటించింది. దుండగులు తయారుచేసి పెట్టిన పేజీని ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే, ఆ సమయంలో కంప్యూటర్ వాడుతున్న వారికి ఉన్న అధికారాలన్నీ ఆ దుండగుల చేతికి పోవచ్చు. అన్నీ మార్చగల అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో పనిచేస్తుంటే కంప్యూటర్ మొత్తం పోయినట్టే. పరిమితంగా దాడులు జరుగుతున్నాయని కూడా అదే ప్రకటనలో ఉంది. మైక్రోసాఫ్ట్ మరమ్మతులు మామూలుగా నెలలో రెండో మంగళవారం వస్తాయి కాబట్టి ఫిబ్రవరి 11 వరకు ఆగవలసి రావచ్చు. అప్పుడు కూడా అది మా విండోస్ 7 కంప్యూటర్లకు ఉచితంగా అందదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చే గడువు జనవరి 14తోనే ముగిసింది.

గడువు తెలిసి కూడా కంప్యూటర్లు ఎందుకు మార్చలేదని అడిగిన వారికి నా జవాబు ఇది. దసరా అయిన వెంటనే హైదరాబాద్‌లోని ఒక డీలరుకు విండోస్ 10 కంప్యూటర్ల కోసం అడ్వాన్సు ఇచ్చాను. సంక్రాంతిలోపు దించుతానన్న ఆయన, పండుగ దగ్గరపడ్డాక లైసెన్సు డబ్బులు వేరే కట్టాలన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. చివరికి దొరికినప్పుడు మున్సిపల్ ఎన్నికల వల్ల బండి కదలలేదని చెప్పారు. ఓట్లు వేసింది నల్లగొండలో మేము, హైదరాబాద్ నగరంలో ఎన్నికలే లేవు. అడ్వాన్సు తిరిగి ఇవ్వమని అడిగాను, ఇంకా ఇవ్వలేదు. ఇకపై సరుకు కళ్లముందు దిగాకే డబ్బు ఇస్తాను.

నిద్ర పట్టనివ్వని విషయం మాత్రం వేరు. కౌంటర్ మీద ఉన్న ఒక్క విండోస్ 10 ల్యాప్‌టాప్‌తో నెట్టుకురావచ్చు కదా అనిపించింది. లోపం ఉన్నది జేస్క్రిప్ట్ డీఎల్‌ఎల్ అనే పాత ఫైలులో. దానిని ఎవరూ వాడకుండా అడ్డుకునే తాత్కాలిక ఉపాయాన్ని మైక్రోసాఫ్టే చెప్పింది. అలాగే చేశాను. టెండరు సైటు తెరుచుకుంది, సంతకం పడింది, కాని రసీదును పీడీఎఫ్‌గా దాచుకోబోతే ఆ అడ్డు వల్ల ప్రింట్ టు పీడీఎఫ్ పనిచేయలేదు. ప్రింటు కోసం అడ్డు తీసి, మళ్లీ పెట్టి, రద్దీలో ఒకసారి పెట్టడం మరిచిపోతే ఎవరిది బాధ్యత? మీ డాంగిల్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం), పిన్ కలిస్తే అది మీ చేవ్రాలు. దానిని అరకొర కాపలాతో నా కంప్యూటర్‌లో పెట్టించుకోవడానికి మనసు ఒప్పలేదు.

"పక్క షాపుల చేస్తుండ్రు గదా, నీకొక్కనికేనా భయం?" అని ఎంతో కాలంగా వచ్చే ఒక కాంట్రాక్టరు అందరి ముందు అని వెళ్లిపోయారు. ఆ మాట ఇంకా నొప్పిగానే ఉంది. అయినా ఆయన పని కోసం కూడా ఎక్స్‌ప్లోరర్ తెరవను, మొండితనమంటే అననీయండి.

స్కానింగు, రేట్ల పట్టిక నింపడం, ఫైళ్లు సిద్ధం చేయడం యథాప్రకారం జరుగుతాయి. సంతకం మాత్రం మీ సొంత కంప్యూటర్‌లో, మీ ఇష్టంపై పెట్టుకోవాలి. స్కాలర్‌షిప్పులు, పహాణీలు, హాల్‌టికెట్ల పని క్రోమ్‌లో జరుగుతుంది. విండోస్ 7లో క్రోమ్‌కు కనీసం 2021 జూలై 15 వరకు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ చెప్పింది కనుక వీటికి ఆటంకం లేదు. పిల్లలు కూర్చునే కంప్యూటర్లన్నింటిలో అడ్మినిస్ట్రేటర్ ఖాతా తీసేశాను, అందువల్ల ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే నన్ను పిలవాలి.

కొందరు డాంగిళ్లను మా సొరుగులోనే ఉంచి వెళ్లారు. దయచేసి ఈ వారంలో వచ్చి తీసుకువెళ్లండి. పిన్‌ను చీటీ మీద రాసి దానికే చుట్టిపెట్టినవారు ముందుగా ఆ పిన్ మార్చుకోండి.