పవిత్ర వారానికి చేయి కలిపిన అందరికీ కృతజ్ఞతలు

2026 ఏప్రిల్ 4 రాత్రి పాస్కా (ఈస్టర్) జాగరణ, మర్నాడు పండుగ పూజ చక్కగా జరిగాయి. మట్టల ఆదివారానికి ముందు నుంచే గుడి పనులు భుజాన వేసుకున్న అమ్మలకు, అన్నలకు, పూజలో గురువుకు సాయపడే పీఠ బాలలకు మన విచారణ (గుడి పరిధి) సంఘం తరఫున రెండు చేతులెత్తి దండాలు. ఒక్క ముక్కలో ధన్యవాదాలంటే మీరు చేసింది ఏమిటో ఎవరికీ తెలియదు. పని తెలిస్తేనే వచ్చే ఏడు ఇంకో నలుగురు ధైర్యంగా ముందుకొస్తారు. అందుకే వివరంగా రాస్తున్నాం.

ముందుగా పీఠం బట్టలు ఉతికిన అక్కలకు. అందరి కళ్లకీ కనపడని పని ఇదే. కార్పొరల్‌ని (పూజ పాత్రల కింద పీఠం మీద పరిచే చదరపు గుడ్డ), ప్యూరిఫికేటర్‌ని (పాత్ర తుడిచే చిన్న గుడ్డ) నేరుగా సబ్బునీళ్లలో వేయకూడదు. ముందు విడి గిన్నెలో మంచినీళ్లు పోసి చేత్తో జాడించాలి. దివ్యసత్ప్రసాదపు (పూజలో పంచే అప్పం) నలుసులు, పవిత్ర రక్తమైన ద్రాక్షరసపు తడి ఆ నీళ్లలోకి దిగుతాయి కనుక వాటిని కాలువలో పారబోయకుండా, ఎవరూ తొక్కని చోట, పూలమొక్కల మొదట్లో పోశారు. ఆ తర్వాతే సబ్బు. గంజి కార్పొరల్‌కే, అదీ పల్చగా. ప్యూరిఫికేటర్‌కి పెడితే బిరుసెక్కి తడి పీల్చదు. కార్పొరల్‌ని నిలువుగా మూడు, అడ్డంగా మూడు మడతలు, మొత్తం తొమ్మిది గళ్లు వచ్చేలా లోపలికే మడవాలి. పీఠం మీద పడ్డ నలుసు బయటికి జారకుండా ఉండేది ఆ మడత వల్లే. ఒక్కో బట్టనూ అంత ఓపికగా ఇస్త్రీ చేసి ఇచ్చారు, తల్లులారా!

పీఠం గుడ్డ మీద కారిన మైనానికి వేడినీళ్లు పోస్తే నూలులోకి ఇంకిపోతుంది. మీరు ఐసుముక్కలు కవర్లో చుట్టి ఆనించి, గట్టిపడ్డాక చెంచా మొనతో గీకి, మిగిలిన మరకకు పైనా కిందా కాగితం పెట్టి ఇస్త్రీ పెట్టె రాశారు. మైనం కాగితానికి ఎక్కింది, గుడ్డ చెడలేదు.

ఇత్తడి దీపస్తంభాలు తోమిన అన్నలకు వందనాలు. చింతపండు, ఉప్పు వాటికే. పూజ పాత్రల లోపల బంగారు పూత ఉంటుంది, పులుపు, పీచు తగిలితే లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ చాలు.

ధూపకలశం పట్టిన పీఠ బాలలకు శభాష్. బొగ్గు అంటించగానే సాంబ్రాణి వేస్తే నిప్పు ఆరిపోయి, కమురు వాసన వస్తుంది. పది నిమిషాల ముందే అంటించి, పైన బూడిదరంగు పొర కట్టాక అర చెంచా చొప్పున వేయడం వల్లే ఆ రోజు పొగ అంత శుభ్రంగా లేచింది.

జాగరణ రాత్రి సంగతి వేరే చెప్పాలి. చీకటి పడ్డాకే మొదలవ్వాలి కనుక బయట నిప్పు రాజేయడం, లోపల దీపాలు ఆర్పడం, ఫ్యాన్లు ఆపడం అన్నీ ఒకేసారి నడవాలి. స్విచ్చుల దగ్గర ఇద్దరు కాపలా ఉన్నారు. పాస్కా కొవ్వొత్తి మీద సిలువ, ఆల్ఫా ఒమేగా అనే గ్రీకు అక్షరాలు, 2026 అంకెలు, ఐదు సాంబ్రాణి గింజలు ముందే సరిచూసి పెట్టారు. జనానికి కొవ్వొత్తులు పంచినవాళ్లు ప్రతి వరసలోనూ ఒకే మాట చెప్పారు: వెలిగినదాన్ని నిటారుగా ఉంచండి, వెలగనిదాన్నే వంచి అంటించుకోండి. వెలిగినదాన్ని వంచితేనే కరిగిన మైనం చేతుల మీద, చీరల మీద, నేల మీద పడుతుంది. ఒక్కోదానికీ అట్టముక్క గుండ్రంగా కత్తిరించి గుచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నేల గీకే పని తప్పింది.

గురువారం మహిమ గీతం తర్వాత గంట ఆపి, దానికి బదులు చప్పుడు చేసే చెక్క గిలకలు అందుకున్నవారికి, మైకు కూత పెట్టకుండా స్పీకర్లను మైకు కంటే ముందుకు జరిపిన తమ్ముళ్లకు, మూడు రోజులూ నేల తుడిచిన అందరికీ రుణపడి ఉన్నాం.

చివరిగా ఒక మనవి. మీ ఇళ్లలో సిలువ వెనక పెట్టుకున్న మట్టల్ని పారేయకండి. వచ్చే విభూది బుధవారం 2027 ఫిబ్రవరి 10న. ఆ ముందు ఆదివారానికల్లా, తడి లేకుండా బాగా ఎండినవి గుడికి తెచ్చివ్వండి. ఆ రోజు నుదుట పెట్టే బూడిద వీటితోనే చేస్తాం. ఇనుప మూకుట్లో కాల్చి, పల్చని గుడ్డలో జల్లించాలి. అందులో నీళ్లు కలపం, నాలుగు చుక్కల నూనెతో సరిపెడతాం. తడిసిన బూడిద క్షారంగా మారి నుదురు మండిస్తుంది.