అరుంధతి కనిపిస్తే సరిపోదు

చిన్నీ,

నీ గొంతు విని మూడు వారాలైంది. లెక్కపెట్టుకుంటూ కూచోలేదులే, క్యాలెండర్ కళ్ళెదురుగా ఉంది కాబట్టి తెలిసింది. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అని మెసేజ్ వస్తుంది. ఆ మీటింగ్ ఇంకా అవుతూనే ఉందేమో. ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు, ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా అని రాస్తున్నాను.

పైగా అడిగింది నువ్వే. "అమ్మ గురించి నీకు గుర్తున్నదంతా ఒకచోట రాసిపెట్టు నాన్నా, తర్వాత నువ్వూ మర్చిపోతావు" అన్నావు. (ఆ "తర్వాత" అన్న మాట గుచ్చుకుంది, అప్పుడు చెప్పలేదు.) ఇది అదే అనుకో. వేరే ఉద్దేశమేమీ లేదు.

చిన్నత్త మీ ఇంట్లో నాలుగు రోజులుండి వచ్చింది. బాగా చూసుకున్నావట. ఇంకేదో కూడా అంది, అది తర్వాత రాస్తాను. ముందు మీ అమ్మ.

మీ అమ్మ అంధ విద్యార్థుల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టేనాటికి నువ్వింకా పుట్టలేదు. మొదట్లో వారానికి రెండు సాయంత్రాలు పుస్తకాలు చదివి వినిపించి వచ్చేది. ఒకరోజు ఇనప స్లేటూ, చుక్కలు పొడిచే మొన ఉన్న స్టైలస్సూ, మందపాటి కాగితాల కట్టా పట్టుకొచ్చింది. "ఆరు చుక్కలేనండీ, వారంలో వచ్చేస్తుంది" అంది. ఆర్నెల్లు పట్టింది. స్లేటు మీద బ్రెయిల్, అంటే అంధులు వేలితో తడిమి చదివే చుక్కల లిపి, రాయాలంటే కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనిపించినట్టు తిరగేసి పొడవాలి. కాగితం తిప్పితే చుక్కలు ఉబ్బెత్తుగా పైకి వస్తాయి, అప్పుడు ఎడమ నుంచి కుడికి చదువుకుంటారు. రాత్రి అందరూ పడుకున్నాక టక్ టక్ టక్‌మని పొడుస్తూ కూచునేది. నువ్వు పుట్టాక ఆ చప్పుడే నీకు జోలపాట. ఆపితే లేచి ఏడ్చేదానివి. అన్నయ్యకూ నీకూ నేర్పాలని చూసింది కానీ మీకు మిగిలింది "అ" ఒక్కటే అనుకుంటాను. అది ఒకే ఒక్క చుక్క కాబట్టి.

ప్రతి జనవరి 4న, లూయీ బ్రెయిల్ పుట్టినరోజని, మిమ్మల్నిద్దర్నీ కూచోబెట్టి ఆయన కథ చెప్పేది, గుర్తుందా? 1809లో పుట్టడం, మూడేళ్ళప్పుడు తండ్రి తోలుకు కన్నాలు పొడిచే ఆరతో ఆడుకుంటూ కన్ను పొడుచుకోవడం, అది రెండో కంటికీ పాకి చూపు మొత్తం పోవడం, అంతకుముందు ఒకాయన కట్టిన 12 చుక్కల లిపిని ఈ అబ్బాయి 15 ఏళ్ళకే 6 చుక్కలకు తేవడం. ఆర దగ్గరకు రాగానే అన్నయ్య చెవులు మూసుకునేవాడు. మీ అమ్మకు మాత్రం కోపం చివర్లో వచ్చేది. ఆయన 1852లో పోయాడు. ఆయన చదివి, పాఠాలు చెప్పిన బడే ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. "రెండేళ్ళు! ముందే ఒప్పుకుంటే వాళ్ళ సొమ్మేం పోయింది?" అని నామీద అరిచేది, ఆ బడి కమిటీలో నేనేదో ఉన్నట్టు. ఆలస్యమంటే అంత మంట ఆమెకు. తన విషయంలో మాత్రం... సరే, అదీ తర్వాత.

లెక్కల కుర్రాడి సంగతి నీకు పైపైన తెలుసు. వాడి పదో తరగతి లెక్కల పుస్తకం మొత్తం మీ అమ్మే రాసింది. అచ్చులో ఒక పేజీ బ్రెయిల్‌కొచ్చేసరికి రెండు మూడవుతుంది. ఆ ఒక్క పుస్తకం ఏడు సంపుటాలైంది. బల్ల మీద పేరిస్తే కిటికీ సగం మూసుకుపోయింది. బ్రెయిల్‌లో అంకెలకు విడిగా గుర్తులు ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల్లో మొదటి పదింటికే ముందు ఒక అంకె గుర్తు తగిలిస్తారు. చిక్కేమిటంటే 5ని అద్దంలో చూస్తే 9, 4ని చూస్తే 6, 8ని చూస్తే సున్నా. తిరగేసి పొడిచేవాళ్ళకు నిద్ర ముంచుకొస్తే ఇవే కాటేస్తాయి. మీ అమ్మ ఒక లెక్కలో 5 బదులు 9 పొడిచింది. ఆ రాత్రి నీకు జ్వరం. ఒళ్ళో నువ్వు, బల్ల మీద స్లేటు.

వాడు ఆ లెక్కతో రెండు రాత్రులు కుస్తీ పట్టాడట. ఎన్నిసార్లు చేసినా జవాబు రాలేదు. తనకు లెక్కలు రావనుకుని, ఇక మానేస్తానని మాస్టారికి చెప్పేశాడు. ఆయన అచ్చు పుస్తకం తెప్పించి పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఫోన్ చేసి నవ్వుతూనే చెప్పాడాయన, చిన్న పొరపాటమ్మా, సరిచేసుకున్నాం అని. ఈవిడ నవ్వలేదు. "వాడు మానేస్తానన్నాడండీ" అని ఆ రాత్రి పదిసార్లు అంది. తెల్లారగానే నిన్ను నామీద వదిలేసి, వానలో రెండు బస్సులు మారి వెళ్ళింది. ఆ చుక్కల్ని గోటితో నొక్కేస్తే పోదా అన్నాను. నొక్కినా మచ్చ వేలికి తెలుస్తుంది, వాడికి అనుమానం మిగలకూడదు అంది. ఆ పేజీ అక్కడే కూచుని కొత్తగా పొడిచింది.

అంతటితో ఆగితే మీ అమ్మ ఎందుకవుతుంది? ఒక్కొక్క సంపుటమే ఇంటికి తెచ్చి మొదటి పేజీ నుంచి సరిచూసింది. నేను అచ్చు పుస్తకం పైకి చదవడం, ఆమె చుక్కలు చూసుకుంటూ పోవడం. నలభై రాత్రులు. ఇంకో మూడు తప్పులు దొరికాయి. ఒకసారి నిద్రమత్తులో నేనే తప్పు చదివి ఒప్పును కూడా తప్పనిపించాను, దానికి తిట్లు వేరే. ఆ కుర్రాడు ఇప్పుడు తనే లెక్కలు చెబుతున్నాడు. మొన్న ఫోన్ చేసి నీ గురించి అడిగాడు. బాగుందన్నాను. బాగున్నావని నాకు తెలిసినట్టు.

మిగతావి నీకు తెలిసినవే. పరీక్షలకు స్క్రైబ్‌గా కూచోవడం, పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాసి, తప్పని తెలిసినా దిద్దకుండా పళ్ళు బిగబట్టుకోవడం. క్యాసెట్లలో పాఠాలు చదివి పంపడం. ఒక చరిత్ర పాఠంలో నీ ఏడుపు రికార్డయితే, అది విన్న పిల్లలంతా ఆ ఏడాదల్లా "పాప ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళు. కాలేజీలో చేరాక నువ్వు "ఇప్పుడు కంప్యూటరే చదివి పెడుతోందిగా అమ్మా, ఈ చుక్కలెందుకు?" అన్నావు. "నీకూ అన్నీ రేడియోలో వినిపిస్తే చాలా మరి, అక్షరాలెందుకు నేర్చుకున్నావు?" అంది. నువ్వు అలిగావు. ఆమె కూడా.

ఇప్పుడు చిన్నత్త మాట. నువ్వు గది గుమ్మంలో తలుపు రెక్కకు భుజం కొట్టుకున్నావట, రెండుసార్లు, రెండుసార్లూ ఎడమ భుజమే. రాత్రిపూట కారు తీయడం మానేశావట. మెట్లు దిగేటప్పుడు కిందికి చూసుకుంటూ దిగుతున్నావట. కళ్ళు చూపించుకోవే అంటే "నాకేం అత్తా, నిన్న రాత్రి కూడా అరుంధతి కనిపించింది" అని నవ్వావట.

చిన్నీ, ఆ మాట అన్నది నువ్వు కాదు. అచ్చంగా మీ అమ్మే.

డాబా మీద చాప వేసి సప్తర్షుల తోకలో మధ్య చుక్క వసిష్ఠుడని, దాని పక్కనే అంటుకున్నట్టున్న మసక చుక్క అరుంధతని మీకు చూపించింది ఆమే. పూర్వం చూపు పరీక్షకు ఆ చుక్కనే చూడమనేవారని చెప్పేది. స్లేటు, ఆకాశం, ఈ రెంటికీ తప్ప మూడోదానికి ఆమె దగ్గర టైమ్ ఉండేది కాదు. అమ్మమ్మకు చివర్లో గోడ తడుముకుంటూ నడవడం అలవాటైతే అందరం ముసలితనం అన్నాం. మీ అమ్మ మెట్ల దగ్గర గోడ పట్టుకుంటే మోకాళ్ళనుకున్నాం. అసలు సంగతి గ్లకోమా. అది కంటి నరాన్ని దెబ్బతీస్తూ చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అరుంధతిని చూసేది ఆ నడిమి చూపుతోనే. పక్కనున్న తలుపు రెక్కను చూసేది దానితో కాదు.

ఇది నీకెప్పుడూ చెప్పలేదు. 2019 చివర్లో ఒకరాత్రి "ఆర్ద్ర మసగ్గా ఉందండీ, నా కళ్ళకేదో వచ్చింది" అంది. మర్నాడే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఈలోగా పేపర్లో పడింది, ఆర్ద్ర నక్షత్రమే నిజంగా మసకబారుతోందని, ఖగోళ శాస్త్రవేత్తలంతా దాన్నే చూస్తున్నారని. ఎంత సంబరపడిందో! "నా కళ్ళకేం కాలేదు, చుక్కదే తప్పు" అంది. నేను నవ్వి, ఫోన్ తీసి, ఆ అపాయింట్‌మెంట్ రద్దు చేశాను. ఆమె చెయ్యమనలేదు, నేనే చేశాను. ఫిబ్రవరికల్లా ఆర్ద్ర మరీ మసకేసి, ఆ తర్వాత మెల్లగా మామూలైంది. ఆ చుక్కే కక్కిన దుమ్ము అడ్డుపడిందని తర్వాత తేల్చారు. ఈలోపు కరోనా వచ్చింది, బయటికెళ్ళే మాటే లేదు. 2021లో చూపిస్తే ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడిది సగం. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికే మందులు అన్నారు.

ఆ తర్వాత లెక్కల కుర్రాడు ఆదివారాలు వచ్చి ఆమెకు వేలితో చదవడం నేర్పాడు. అన్నేళ్ళు రాసింది కానీ చదివింది కంటితోనే కదా. "అమ్మా, కళ్ళు మూసుకోండి, మీరు చూస్తున్నారు" అని దబాయించేవాడు. వాడికెలా తెలిసేదో! చివరిదాకా సరిగా రాలేదామెకు. నరం పోయినా నల్లగుడ్డు మీది పొర బాగుంటుంది కదా అని కళ్ళు దానం రాసిచ్చింది. ఆ కాగితం మీద సంతకం కూడా గీత దాటిపోయింది.

రాత్రి 9కి చుక్కల మందు నేనే వేసేవాణ్ణి. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూల రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టాలి. ఇప్పటికీ 9 కాగానే లేస్తాను. లేచాక గుర్తొస్తుంది.

నీకు 41 వచ్చాయి. అమ్మకున్నా తోబుట్టువులకున్నా ఇది వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అన్నయ్య పోయిన నెలలో చూపించుకున్నాడు, ఏమీ లేదు. వాడికి నేను ఒక్కసారే చెప్పాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక పూట సెలవు పెట్టలేనంత పని ఏమిటో నాకు అర్థం కాదు. రాత్రి రెండింటిదాకా చీకట్లో ఫోన్ చూడటం ఒకటి, నిద్ర లేదు, ఎవరైనా అడిగితే మీటింగ్... ఇదిగో, లెక్చర్ వద్దనుకుంటూనే మొదలుపెట్టాను. ఆపేస్తున్నాను.

కళ్ళజోళ్ళ షాపులో నంబరు చూపించుకుంటే అది పరీక్ష కాదు. కంటి ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలంటారు, కానీ అది మామూలుగా ఉండి కూడా కొందరికి నరం దెబ్బతింటుంది. కాబట్టి ఒత్తిడి ఒక్కటే చూసి పంపేస్తే లేచి రాకు. నరం చూడమను, చుట్టుచూపు పరీక్ష కూడా చెయ్యమను. ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, నడిమి దీపాన్నే చూస్తూ ఉండాలి. ఎక్కడైనా చిన్న వెలుగు చుక్క మెరిస్తే బటన్ నొక్కాలి. కనపడనంత మసక చుక్కలు కూడా కావాలనే వేస్తారు, టెన్షన్ పడకు. వెతుక్కుంటూ కళ్ళు తిప్పకు. మీ అమ్మ అలాగే తిప్పి రెండుసార్లు మళ్ళీ మొదటినుంచి చేయించుకుంది.

కంటిపాప పెద్దదవడానికి మందు వేస్తారు, కొన్ని గంటలు దగ్గరవి మసగ్గా ఉంటాయి, ఎండ పొడుచుకుంటుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకెళ్ళు. కారు నువ్వు నడపకు. చిన్నత్త తోడు వస్తానంది, వద్దనకు. దారిలో దాని మాటలు కాస్త భరించు.

అమ్మ స్లేటూ స్టైలస్సూ దీనితో పంపిస్తున్నాను. మొన పదునుగానే ఉంది, పిల్లలకు అందకుండా పైన పెట్టు. డాక్టర్ దగ్గర్నుంచి బయటికి రాగానే ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్.

నాన్న

తా. క. కవరు మీద అక్షరాలు పెద్దవిగా రాశాను. ఊరికే. వేరే ఏమీ అనుకోకు.