కొత్త నాటకాన్ని ముందు చదివి వినిపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోటీల్లో బహుమతి పొందిన నాటకాల గురించి మీరు రాస్తారు, సంతోషం. స్థానిక రచయితల కొత్త నాటకాలను నటులు ప్రతులు చేతబట్టుకుని ప్రేక్షకుల ముందు చదివే సభలకు మాత్రం మీ పేజీల్లో చోటు దొరకడం లేదు.

ఇటీవల అలాంటి పఠనానికి వెళ్లాను. వేదిక మీద ఆరు కుర్చీలు, ప్రతులు ఆనించుకునే స్టాండ్లు, అంతే. తెర లేదు, వేషాలు లేవు. రంగసూచనలను ఒకరు చదువుతుంటే మిగిలినవారు పాత్రలై మాట్లాడారు. రెండో అంకంలో తల్లి చెప్పే పొడవైన మాటల దగ్గర సభలో కుర్చీలు కిర్రుమన్నాయి. చివరి వరుసలో ఉన్న రచయిత్రి తల ఎత్తకుండానే ఆ పుట అంచున పెన్సిలుతో నిలువు గీత గీసుకున్నారు. సెట్లు కట్టి, దీపాలు అమర్చాక ఆ లోపం బయటపడితే దిద్దే ఓపిక గాని డబ్బు గాని ఎవరికి మిగులుతాయి?

1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ను గురజాడ 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అంతటివారికే అవసరమైన అవకాశం తొలి నాటకం రాసినవారికి అక్కర్లేదా?

నాటక సమాజాలు, గ్రంథాలయాలు నెలకు ఒక్క సాయంత్రం ఇందుకు కేటాయించాలి. శ్రోతలకూ ఒక మనవి: చర్చలో నాటకం ఎలా రాయాలో చెప్పకండి, ఎక్కడ మనసు పట్టిందో, ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి. మీరు కూడా దయచేసి ఈ సభల వివరాలను ‘నేటి కార్యక్రమాలు’ శీర్షికలో ముందుగా ప్రచురించండి. సమీక్ష మాత్రం నాటకం పూర్తయ్యాక రాయవచ్చు.

– ఒక నాటకాభిమాని