ఇంట్లో తొక్కే సైకిల్ కొనేవారికి కావలసిన కొలతలు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో తొక్కే సైకిళ్ల మీద వచ్చే కొనుగోలు సలహాలు చాలావరకు తెర ఎంత పెద్దది, బరువు చక్రం (పెడళ్లతో పాటు తిరిగే ఫ్లైవీల్) ఎన్ని కిలోలు అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతున్నాయి. కొన్నవాళ్లు కొన్నాళ్లకే తొక్కడం మానేస్తే దానికి కారణం సాధారణంగా ఈ రెండూ కావు. మోకాలు నొప్పెడుతుంది, సీటు దగ్గర ఒరుసుకుపోతుంది, పావుగంటకే భరించలేనంత ఉక్క పోస్తుంది, లేదా కింది ఇంటివాళ్లు చప్పుడని తలుపు తడతారు. ఇవన్నీ కొనేముందే చూసుకోగలిగినవి. చూసుకోవడానికి కావలసిన కొలతలే ఎక్కడా రాయడం లేదు.

మొదట, బండి మనిషికి అమరుతుందా అన్నది తేలాలి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటు ఒత్తినంత గట్టిగా పైకి పట్టి, దాని పైఅంచు నుంచి నేలదాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, క్రాంకులు (పెడళ్లు తగిలించే చేతులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన ఎత్తు వస్తుంది. కాలి కొలత 78 సెం.మీ. అయితే సీటు ఎత్తు దాదాపు 69 సెం.మీ. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె. సరిచూసుకోవడానికి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే మోకాలు సరిగ్గా నిటారుగా రావాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తుంది. మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక లాగుతుంది.

ఒకే బండిని ఇంట్లో ముగ్గురు తొక్కేటట్టయితే, ముగ్గురి సీటు ఎత్తులూ ఆ బండి ఇచ్చే కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య పడాలి. సీటు ముందుకూ వెనక్కూ కూడా జరగాలి, హ్యాండిల్ కూడా అంతే. సీటు గొట్టానికి 2, 3 సెం.మీ.కి ఒకటి చొప్పున రంధ్రాలు మాత్రమే ఉండే బండ్లలో సరైన ఎత్తు రెండు రంధ్రాల మధ్య పడే అవకాశం ఎక్కువ. రంధ్రాలతో పని లేకుండా ఏ ఎత్తులోనైనా బిగించుకునే రకం మేలు. రెండు పెడల్ చేతుల మధ్య అడ్డదూరం కూడా అడగండి. రోడ్డు సైకిళ్లలో అది 145 నుంచి 155 మి.మీ. వరకు ఉంటుంది. ఇంటి బండ్లలో 180 దాటినవి చాలా ఉన్నాయి. కాళ్లు అంత ఎడంగా పెట్టి రోజూ తొక్కితే తుంటి వెడల్పు తక్కువ ఉన్నవారి మోకాళ్లు ముందుగా మొరాయిస్తాయి.

ఇక చక్రం బరువు. చక్రంలో నిలిచే శక్తి బరువును బట్టి పెరుగుతుంది, కానీ వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలవుతుంది. కాబట్టి రెండింతలు వేగంగా తిరిగేలా అమర్చిన 9 కిలోల చక్రం, అదే కొలతలో ఉన్న 18 కిలోల చక్రం కన్నా నిండుగా తిరగగలదు. కిలోలు మాత్రమే చెప్పి వేగం చెప్పని ప్రకటనతో కొనేవారికి ఏమీ తెలియదు. దానికన్నా ముఖ్యం, అడ్డు (తొక్కేటప్పుడు కాలికి తగిలే బరువు) ఎలా వస్తుందన్నది. ఉన్ని లేదా తోలు ముక్కను చక్రానికి నొక్కే రకంలో ఆ ముక్క అరుగుతుంది, ఎండితే కీచుమంటుంది, చెమట పడితే పట్టు మారుతుంది. అయస్కాంతపు రకంలో ఏదీ దేన్నీ తాకదు, కాబట్టి అరుగుదల లేదు, చప్పుడు తక్కువ. ఇల్లు ఇరుకైతే, కింద ఎవరైనా ఉంటే, చైను కాకుండా బెల్టు, నొక్కుడు ముక్క కాకుండా అయస్కాంతం తీసుకోండి.

ఈ బండ్లలో ఒక ప్రమాదం దాగి ఉంది. స్పిన్ సైకిళ్లు (బరువు చక్రంతో వేగంగా తొక్కే రకం ఇంటి బండ్లు) చాలావాటిలో చక్రానికి ఫ్రీవీల్, అంటే కాళ్లు ఆపితే పెడళ్లను చక్రం నుంచి విడదీసే అమరిక, ఉండదు. కాళ్లు ఆపినా చక్రం ఆగదు, పెడళ్లు కాళ్లను లాక్కుపోతాయి. ఆపాలంటే అడ్డు మరను కిందికి నొక్కాలి, లేదా మెల్లగా వేగం తగ్గించాలి. పసిపిల్లలున్న ఇంట్లో తొక్కడం అవగానే ఆ మరను పూర్తిగా బిగించి వదలండి. నొక్కుడు ముక్క రకంలో అప్పుడు చిన్న చేతులు చక్రాన్ని తిప్పడం కష్టం, అయస్కాంతపు రకంలో మాత్రం ఆగి ఉన్న చక్రాన్ని అయస్కాంతం పట్టి ఉంచదు. వ్యాయామ పరికరాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20957లో 10వ భాగం ఈ రకం సైకిళ్లకే ప్రత్యేకించినది. పెట్టె మీద హెచ్ అక్షరం ఉంటే ఇంటి వాడకానికి, ఎస్ ఉంటే వ్యాయామశాలలకు అని అర్థం.

ఇప్పటికే మంచి సైకిల్ ఉన్నవారికి ట్రైనర్, అంటే ఆ సైకిల్‌నే ఇంట్లో నిలబెట్టి తొక్కేందుకు వెనక అమర్చే పరికరం, చాలు. వెనక టైరును రోలరు మీద ఆనించే రకం సులువు, కానీ టైరు తింటుంది. ప్రతిసారీ టైరులో ఒకే గాలి ఒత్తిడి, రోలరు మరకు ఒకే లెక్క చుట్లు ఉండాలి. లేకపోతే తొక్కే శక్తిని చూపే వాట్ల అంకెలో నిన్నటికీ ఇవాళ్టికీ పొంతన కుదరదు. వదులైతే టైరు జారి రబ్బరు వాసన వస్తుంది. గట్లు గట్లుగా ఉండే టైరు దీనికి పనికిరాదు.

వెనక చక్రం తీసేసి చైనును నేరుగా తగిలించే రకం నిశ్శబ్దంగా, కచ్చితంగా ఉంటుంది. కొనేముందు మూడు సంగతులు సైకిల్ దగ్గర కూర్చుని కొలవాలి. వెనక ఫోర్కు లోపలి వెడల్పు 130, 135, 142, 148 మి.మీ.లలో ఏది? గేర్లు ఎన్ని? ట్రైనర్‌తో క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల కట్ట) వస్తుందా? 11 గేర్లకు సరిపడే బాడీ (క్యాసెట్ ఎక్కించే గొట్టం) మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్ వేస్తే 1.85 మి.మీ. వాషరు కావాలి. కొన్ని 10 గేర్ల వాటికి ఇంకో 1 మి.మీ. వాషరు కూడా పడుతుంది. అది మరిచిపోతే క్యాసెట్ లొడలొడలాడుతుంది, గేర్లు నిలవవు. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగును 40 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. సాగిన పాత చైనును కొత్త క్యాసెట్ మీద వేస్తే పళ్ల మీది నుంచి ఎగిరి జారుతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు ఉన్నవారు చక్రం తీశాక పొరపాటున కూడా బ్రేకు లీవరు నొక్కవద్దు. ప్యాడ్లు దగ్గరికి మూసుకుపోయి, తిరిగి డిస్క్ దూరదు. ప్యాడ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి ఉంచండి.

వేడి సంగతి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. తినే శక్తిలో మన కండరాలు పెడల్‌కు అందించేది సుమారు 20 నుంచి 25 శాతమే. 150 వాట్లతో తొక్కే మనిషి ఒంట్లో 450 నుంచి 600 వాట్ల వేడి పుడుతుంది, అంటే చిన్న గది హీటరంత. బయట తొక్కేటప్పుడు ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. గదిలో గాలి కదలదు, చెమట ఆరదు, గుండె వేగం పెరుగుతుంది, మనిషి తనకు సత్తువ లేదనుకుంటాడు. తెరకు పెట్టే ఖర్చులో కొంత గట్టి ఫ్యాన్‌కు పెట్టండి. గాలి ఎదురుగా ఛాతీకి తగలాలి. సీలింగు ఫ్యాన్ ఒక్కటే చాలదు. కారే చెమట ఉప్పు నీరు. అది హ్యాండిల్ బోల్టుల్లోకి, హ్యాండిల్ చుట్టిన పట్టీ కింది లోహంలోకి దిగి కనబడకుండా తినేస్తుంది. హ్యాండిల్ మీద తువ్వాలు వేసుకుని, దిగగానే తుడవాలి. బండి కింద కనీసం 6 మి.మీ. రబ్బరు చాప ఉంటే చెమట నేలకు అంటదు, అదురు కొంత తగ్గుతుంది.

తెర మీది కేలరీల అంకె చాలా బండ్లలో ఊహే. వాట్లు నిజంగా కొలిచే బండి అయితే సులువైన లెక్క ఉంది. 150 వాట్లతో గంట తొక్కితే 540 కిలోజౌళ్ల పని. ఖర్చయ్యే కిలోకేలరీలు కూడా ఇంచుమించు అంతే.

చివరగా, బిగింపులో ఎక్కువగా జరిగే పొరపాటు ఎడమ పెడల్‌ది. దాని మర తిరగేసి ఉంటుంది. బలవంతంగా మామూలు వైపు తిప్పితే క్రాంకు మర చెడిపోతుంది, ఆ తర్వాత క్రాంకు మార్చడమే. ఇరుసు కొన మీద ఎల్, ఆర్ అక్షరాలు చూసి, మరకు గ్రీజు రాసి, మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. ఆ తర్వాత 15 మి.మీ. పానా పట్టి, దాని పై కొస హ్యాండిల్ వైపు కదిలేలా తిప్పితే రెండు పెడళ్లూ బిగుస్తాయి. 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు చాలు. మొదటి గంట తొక్కాక పెడళ్లనూ క్రాంకు బోల్టులనూ మళ్లీ బిగించండి. తొక్కుతుంటే టక్ టక్ మని వినబడితే వెంటనే ఆపేయాలి. వదులు పెడల్‌తో ఇంకో పది నిమిషాలు తొక్కినా రంధ్రంలోని మర నలిగిపోతుంది.

మీ పత్రిక ఇకమీదట ఈ బండ్లను పోల్చి రాసేటప్పుడు సీటు కనిష్ఠ గరిష్ఠ ఎత్తులు, పెడళ్ల మధ్య దూరం, అడ్డు వచ్చే తీరు, ఫ్రీవీల్ ఉందా లేదా అన్న నాలుగు గడులు పట్టికలో చేర్చాలని కోరుతున్నాను. స్థలం చాలకపోతే తెర గడి తీసేయవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు