‘మొదటివాడు’ అనేసి ఊరుకోకండి: ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

కమిషనర్ రోజర్ గుడెల్ గారికి,

నమస్కారం. నేను ఒహాయోలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. ఆదివారమైతే మా ఇంట్లో టీవీ మీ లీగ్ ఆడించే అమెరికన్ ఫుట్‌బాల్‌దే. మీ లీగ్ చరిత్రలో ఫ్రిట్జ్ పోలార్డ్ పేరు ఎక్కడ కనిపించినా దాని ముందు ‘మొదటి నల్లజాతి హెడ్ కోచ్’ అని ఉంటుంది. నా బాధంతా ఆ ‘మొదటి’ అన్న మాటతోనే.

ఆయన షికాగోలో 1894లో పుట్టారు. మనిషి 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 75 కిలోలకు అటూ ఇటూ. బ్రౌన్ యూనివర్సిటీ తరఫున 1916లో రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ ఫుట్‌బాల్ పోటీ ఆడారు. ఆ పోటీలో ఒక నల్లజాతి ఆటగాడు దిగడం అదే తొలిసారి. తర్వాత మా ఊరు ఏక్రన్‌కు, ఇక్కడి ఏక్రన్ ప్రోస్ జట్టుకు ఆడటానికి వచ్చారు. ఇక్కడివాళ్లు ఆయన్ను ఎలా చూశారో ఆయనే తర్వాత చెప్పుకున్నారు. హోటల్లో గది ఇవ్వలేదు, తిండి పెట్టలేదు. జట్టుతో కలిసి కాకుండా, జట్టు యజమాని సిగార్ల దుకాణంలో బట్టలు మార్చుకుని, ఆట మొదలయ్యే వేళకు మైదానంలోకి వచ్చేవారు. కిందపడ్డాక కూడా ఎదుటి జట్టువాళ్లు కసికొద్దీ మీద పడేవారు. అందుకని పడీపడగానే వెల్లకిలా తిరిగి కాళ్లు పైకి లేపేవారు. బూట్ల మేకులు చూసి వచ్చేవాడు వెనక్కి తగ్గాలి కదా! ఆ ఒడుపు ఏ కోచ్ నేర్పాడు ఆయనకు?

అలా ఆడుతూనే 1920లో, లీగ్ పుట్టిన ఏడాదే, ఏక్రన్ ప్రోస్‌ను చాంపియన్ చేశారు. 8 గెలుపులు, 3 డ్రాలు, ఒక్క ఓటమీ లేదు. సీజన్ మొత్తంలో ప్రత్యర్థులకు దక్కినవి 7 పాయింట్లు. మరుసటి ఏడాది ఆడుతూనే కోచ్ బాధ్యత కూడా పంచుకున్నారు. ఆ ఏడాది జట్టులో ఆయన పక్కన ఆడిన పాల్ రాబ్సన్ గాయకుడిగా మన తెలుగువాళ్లకూ తెలిసిన మనిషే.

మరి ఆయన తర్వాత రెండో నల్లజాతి హెడ్ కోచ్ ఎప్పుడు వచ్చారు? 1989లో, ఆర్ట్ షెల్. మధ్యలో 68 ఏళ్లు. పోలార్డ్ గారు అది చూడలేదు, 1986లోనే పోయారు. ఈ ఆటలో గొప్పవాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన్ను 2005లో తీసుకున్నారు.

ఇంకా పెద్ద గాయం వేరే ఉంది. 1934 నుంచి 1945 దాకా పన్నెండు సీజన్లు మీ లీగ్‌లో నల్లజాతి ఆటగాడన్నవాడే లేడు. కాగితం మీద నిషేధం లేదు, కానీ తలుపు మూసే ఉంది. ఆ రోజుల్లోనే పోలార్డ్ గారు న్యూయార్క్‌లో బ్రౌన్ బాంబర్స్ అనే నల్లజాతి జట్టుకు కోచ్‌గా ఉన్నారు. తనవాళ్లు ఎవరికీ తీసిపోరని ఆడించి చూపించారు. చాంపియన్ జట్టును నడిపిన మనిషికి అప్పటికి నలభై దాటాయి. ఆయన అనుభవం లీగ్‌కు అక్కర్లేకపోయింది.

హెడ్ కోచ్ పదవికి మైనారిటీ అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసి తీరాలన్న రూనీ నియమం 2003లో తెచ్చారు. మంచిదే. కానీ ఆ నియమం ఎందుకు అవసరమైందో మీ నోట వింటేనే కొత్త తరానికి అర్థమవుతుంది.

అందుకని నాది ఒకే విన్నపం. పోలార్డ్ గారి గురించి మీ లీగ్ ఎక్కడ రాసినా, ‘మొదటి’ అన్న మాట పక్కనే ఆ పన్నెండు సీజన్లనూ, ఆ 68 ఏళ్లనూ రాయండి. తలుపు మూసింది ఆనాటి జట్ల యజమానులని లీగ్ తన పేరు మీదే చెప్పాలి. ఆనాటి సమావేశాల కాగితాలు మీ దగ్గర ఏమున్నా చరిత్రకారుల ముందు పెట్టండి. కాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన కంచు ప్రతిమ ఉంది. ఈ సంగతులన్నీ అక్కడే, పిల్లలకు అందే ఎత్తులో, చదువుకునేలా ఉంచండి.

ఇట్లు,
ఏక్రన్ నుంచి ఒక తెలుగు అభిమాని