ఆ తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. మొన్న జనవరిలో ఒక ఆదివారం మమ్మల్ని ఆదుకున్న వాళ్ళ పేర్లు అడగడం కూడా ఆ కంగారులో మర్చిపోయాం. వాళ్ళలో సగం మందికి తెలుగు చదవడం రాదు. సోనాపూర్ వైపు, పర్లాకిమిడి వైపు ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఈ మాట వాళ్ళ చెవిన వేస్తారని రాస్తున్నాను.

ఈ మధ్య గ్లాంపింగ్ అని ఒకటి వచ్చింది కదా. గుడారమే గానీ లోపల డబుల్ కాట్, ఏసీ, వేడినీళ్ళ బాత్రూం ఉంటాయి. పిల్లలు ఏడాదిగా పోరు పెడుతుంటే సోనాపూర్ బీచ్ దగ్గర ఒక క్యాంపులో శనివారం రాత్రికి బుక్ చేశాను. మా ఆవిడ, పిల్లలిద్దరు, అత్తగారు, నేను. ఇచ్ఛాపురం మీదుగా వచ్చే బాహుదా ఆ దగ్గర్లోనే సముద్రంలో కలుస్తుంది. సాయంత్రం పిల్లలు ఏటి మొగ దాకా నడిచి ఎండ్రకాయల వెంట పడ్డారు. శనివారం గురించి ఇంతకంటే రాయడానికేం లేదు, హాయిగా గడిచింది.

ఆదివారం మహేంద్రగిరి ఎక్కాలని నాకూ మా ఆవిడకూ ఎప్పటి నుంచో కోరిక. పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి, చీకటి రాత్రి నాలుగింటికే అద్దె కారులో బయలుదేరాం. గైడును ఇస్తామన్న క్యాంపు వాళ్ళు పొద్దున్నే ఫోన్ ఎత్తలేదు. దారి తెలుసులే అనుకున్నాను. అది నా తప్పే.

మహేంద్రగిరి గజపతి జిల్లాలో ఉంది, 1501 మీటర్ల ఎత్తు. మందస, సోంపేట వైపు నుంచి శివరాత్రికి జనం ఎంతమంది వెళ్తారో మీకు తెలిసిందే. కుంతి గుడి దాటి, భీముడి గుడి దాకా వెళ్ళాం. గోడల్లో రాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అంత పెద్ద బండలు! మబ్బు లేకపోతే అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుందంటారు. మాకు మంచు తప్ప ఏమీ కనిపించలేదు.

దిగేటప్పుడు పదకొండు దాటింది. తడి రాయి మీద మా ఆవిడ కాలు జారి, చీలమండ పక్కకు మడత పడింది. నాకు ఆ చప్పుడు వినిపించింది, ఎండు కొమ్మ విరిగినట్టు. పావుగంటలో బూటు పట్టనంతగా వాచింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కారు ఉన్న చోటు ఇంకా చాలా కింద. క్యాంపు వాళ్ళిచ్చిన ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిస్తే రెండు బ్యాండ్‌ఎయిడ్లు, ఎండిపోయిన అయోడిన్ సీసా ఉన్నాయి. రాత్రికి ఏడు వేలు తీసుకున్న క్యాంపు అది. పేరు రాయను లెండి.

అప్పుడు వచ్చారు వాళ్ళు. నలుగురు సవర కుర్రాళ్ళు, ఒక నడివయసు ఆయన. కట్టెలకు వచ్చినట్టున్నారు. నాకొచ్చిన ఒడియాలో గబగబా చెప్పాను. ఆ పెద్దాయన ఏమీ అనకుండా కూర్చుని, వేళ్ళతో కాలు చుట్టూ మెల్లగా నొక్కి చూశాడు. బూటు లాగబోతే నా చెయ్యి పక్కకు తీసేసి, తనే లేసు మొత్తం విప్పి, బూటు నాలుక పైకెత్తి, కాలు కదలకుండా తీశాడు. కత్తితో వెదురు చీల్చి నాలుగు బద్దలు చేసి, అంచులు గీకి నున్నగా చేశాడు. భుజం మీది తువ్వాలు తీసి ముందు కాలికి చుట్టి, దాని మీద బద్దలు పెట్టి, అడవి తీగతో కట్టాడు. కట్టాక గోటిని నొక్కి వదిలి, రంగు తిరిగి వస్తోందో లేదో చూశాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నాడో అడగాలని నాకు తర్వాత తట్టింది.

ఈలోగా కుర్రాళ్ళు డోలీ సిద్ధం చేశారు. పొడుగు కర్ర, దానికి మా ఆవిడ చున్నీ, వాళ్ళ దుప్పటి కలిపి ముడేసి కట్టారు. ఇద్దరు మోస్తుంటే ఇద్దరు పక్కన నడవడం, అలిసిపోతే ఆగకుండానే భుజం మార్చుకోవడం. వాళ్ళలో వాళ్ళు సవర భాషలో ఏదో అనుకుని నవ్వుకుంటుంటే మా ఆవిడకు కూడా భయం కాస్త తగ్గింది. 2018లో తిత్లీ తుఫానప్పుడు రోడ్లు పోయి ఇలాగే ఎంతోమందిని మోశామని ఒక కుర్రాడు చెప్పాడు. కారు దగ్గరకు చేరేసరికి అతని భుజం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. పెద్దాయన మాత్రం మా సంచిలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్లు తీసుకుని కుర్రాళ్ళకు పంచాడు.

పర్లాకిమిడి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే చీలమండ బయటివైపు ఎముక చిట్లింది. కట్టు బాగా కట్టారు కాబట్టి ఎముక పక్కకు జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు పిండికట్టు చాలన్నారు డాక్టరు. అక్కడ తెలుగులో మాట్లాడి మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్న నర్సమ్మగారికి కూడా నమస్కారాలు.

ఇక సముద్రం వైపు సంగతి. ఆదివారం సాయంత్రానికి క్యాంపులో జనమంతా వెళ్ళిపోయారు. మేం రాత్రికి గానీ రాలేమని ఫోన్ చేసి చెప్పినా, చెకవుట్ టైం అయిపోయిందని అత్తగార్ని, పిల్లల్ని బయట కుర్చీల్లో కూర్చోబెట్టి జెనరేటర్ ఆపేశారట. అక్కడ అంట్లు తోమే ఆవిడ అది చూసి, "ఏటమ్మా, ఈ గుంటల్ని చీకట్లో ఇలాగ కూకోబెట్టీసినారు? మా ఇంటికొచ్చీండి" అని సంచులు తనే ఎత్తుకుని పల్లెలోకి తీసుకెళ్ళింది. ఒడియా వాళ్ళు నోలియాలంటారు గానీ ఆ గంగపుత్రులు ఇళ్ళల్లో మాట్లాడేది మన తెలుగే.

మా అత్తగారు చేప ముట్టరు, కొంచెం పట్టింపు మనిషి. ఆ సంగతి నోరు తెరిచి చెప్పకముందే ఆవిడకు అర్థమైపోయి, పక్కింట్లో కందిపప్పు అడిగి తెచ్చి, గిన్నె మళ్ళీ తోమి, పప్పుచారు పెట్టిందట. పిల్లలు మాత్రం నెత్తళ్ళ పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. మేం రాత్రి పదకొండుకు వెళ్ళేసరికి చిన్నది ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది, వాళ్ళాయన గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటూ మా కారు కోసం చూస్తున్నాడు. పొద్దున్న మూడింటికి వేటకు వెళ్ళాల్సిన మనిషి!

అక్కా, మీ ఇంట్లో మా పాప నీలం స్వెట్టర్ మర్చిపోయాం. అది మీ అమ్మాయికి సరిపోతే వేసెయ్యండి.

కొండ మీది అన్నగారికి ఒక మాట. ఆసుపత్రిలో కట్టు విప్పినప్పుడు మీ తువ్వాలు పారెయ్యబోతే మా ఆవిడ లాక్కుంది. ఎర్ర అంచు ఉన్న తువ్వాలు. ఉతికి, మడతపెట్టి బీరువాలో ఉంచాం. ఈసారి కొండ ఎక్కడం మా ఆవిడ వల్ల కాదు గానీ, శివరాత్రికి నేను వస్తున్నాను. కుంతి గుడి దగ్గర పొద్దున్నుంచీ ఉంటాను.